గులాబీ పురుగుతో రెండో పోరు

పత్తికాయ మనిషిని మోసం చేసే నెలలు అక్టోబరు, నవంబరు. ఆదిలాబాద్ జిల్లా జైనథ్, బేల, తలమడుగు మండలాల నల్లరేగడి చేన్లయినా, కరీంనగర్ జిల్లాలో జమ్మికుంట మార్కెట్‌కు పత్తి తోలే ఊళ్లయినా, అప్పటికి చెట్టుకు కాయ నిండుగా ఉంటుంది. పచ్చగా, గట్టిగా, మచ్చలేకుండా కనిపిస్తుంది. అదే కాయను కోసి చూస్తే కొన్నిట్లో గింజను తొలుచుకు తింటున్న పురుగు బయటపడుతుంది. ఒంటినిండా గులాబీ రంగు. గుడ్డులోంచి బయటికొచ్చిన కాసేపటికే అది కాయలోకి దూరుతుంది. అప్పుడది వెంట్రుకంత సన్నం కాబట్టి దూరిన చిల్లు వెంటనే పూడుకుపోతుంది. ఆ తర్వాత మీద ఎంత మందు కొట్టినా దానికి తగలదు. కాయ పగిలే రోజు వచ్చేసరికి లోపల తెల్లని దూదికి బదులు మచ్చలు పడిన గుడ్డి పత్తి ఉంటుంది.

ఈ పురుగు మీద మనం ఒకసారి గెలిచాం. 2002లో బీటీ పత్తి వచ్చాక కొన్నేళ్లపాటు చాలామంది రైతులకు దాని పేరే గుర్తులేకుండా పోయింది. 2017 వానాకాలం పంటలో అది తెలంగాణ, మహారాష్ట్ర చేన్ల మీద మళ్లీ విరుచుకుపడింది. చేను అదే, విత్తనం బీటీదే, పురుగు జాతి కూడా అదే. ఈసారి ఓడింది మాత్రం మనం. మొదటి పోరులో ఓడిన పురుగులు ఆ పోరులోనే చచ్చాయి. రెండోసారి ఎదురైనవి, అప్పుడు చావకుండా మిగిలిన గుప్పెడు పురుగుల సంతానం. వాటిని ఏరి, మిగతావాటి నుంచి వేరుచేసి, చేను నిండా పెంచింది మన గెలుపే. ఈ మాట అర్థమైతే ఇకముందు ఎలా పోరాడాలో కూడా అర్థమవుతుంది.

గులాబీ రంగు కాయతొలుచు పురుగు శాస్త్రీయ నామం పెక్టినోఫోరా గాసిపియెల్లా. దీన్ని తొలిసారి శాస్త్రవేత్తలు వర్ణించింది 1840లలో, గుజరాత్‌లోని భరూచ్ పత్తిలో దొరికిన నమూనాలను బట్టి. ఇక్కడి నుంచి గింజల్లో దాక్కుని ఈజిప్టు చేరింది, అక్కడి నుంచి మెక్సికో, 1917 నాటికి అమెరికాలోని టెక్సాస్. అంత దూరం ప్రయాణించగలిగిందంటే కారణం దాని నిద్ర. చలికాలంలో పగళ్లు కురచబడి చలి ముదిరే కొద్దీ చివరి తరం పురుగులు గూడు కట్టి రెక్కల పురుగులుగా మారడం ఆపేస్తాయి. రెండు గింజలను పట్టుదారంతో కలిపి కుట్టి, ఆ జంట గింజల మధ్య నెలల తరబడి తిండి లేకుండా పడి ఉంటాయి. జిన్నింగ్ మిల్లులోకి పోయిన గింజలో, చేను గట్టున పోగేసిన పత్తి కట్టెకు అంటుకుని ఉన్న ఎండు కాయలో, మట్టిలో రాలిన కాయలో అవి బతికే ఉంటాయి.

మన రాష్ట్రాల్లో పురుగు ఎదురు తిరగడం ఇదే మొదలు కాదు. 1980 ప్రాంతంలో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చినప్పుడు పత్తి రైతుకు ఆయుధం దొరికినట్టయింది. ఒక్క పిచికారీతో చేను శుభ్రపడేది. వాటిని ఎడాపెడా వాడాం. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు ఆ మందులకు చావడం మానేసింది. ఎన్నిసార్లు కొట్టినా చేను మిగలలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌తో పాటు పలు సంస్థల శాస్త్రవేత్తలు ఆ పురుగులను పట్టుకొచ్చి పరీక్షించి, వాటికి మందును తట్టుకునే శక్తి వచ్చిందని తేల్చారు. పదేళ్ల తర్వాత, 1997-98లో, ఓరుగల్లు చేన్లలో లద్దె పురుగు, శనగపచ్చ పురుగు కలిసి పంటను తుడిచిపెట్టాయి. అప్పులకు మందు డబ్బాలు తోడై ఎన్ని ఇళ్లు కూలిపోయాయో ఉత్తర తెలంగాణలో ఆ తరం వాళ్లకు ఈనాటికీ గుర్తే. ఆ గాయం పచ్చిగా ఉండగానే బీటీ వచ్చింది. అందుకే రైతు దాన్ని అంత ఆత్రంగా అందుకున్నాడు. అందులో తప్పేమీ లేదు.

బీటీ అంటే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త పట్టుపురుగులను చంపుతున్న రోగానికి కారణం వెతుకుతూ దీన్ని కనుగొన్నాడు. పదేళ్ల తర్వాత జర్మనీలో బెర్లినర్ పిండి పురుగులో మళ్లీ చూశాడు. ఆ పిండి పురుగులు వచ్చిన థురింగియా ప్రాంతం పేరే దానికి స్థిరపడింది. ఈ బాక్టీరియా తనలో స్ఫటికాల్లాంటి ప్రొటీన్ తయారుచేసుకుంటుంది. గొంగళి పురుగు కడుపులో ఆమ్లం ఉండదు, క్షారం ఉంటుంది. ఆ క్షారంలో స్ఫటికం కరుగుతుంది. జీర్ణరసాలు దాన్ని కత్తిరించి చురుకైన విషంగా మారుస్తాయి. ఆ విషం పేగు గోడ కణాల మీద ఉండే కాడ్హెరిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, గోడకు రంధ్రాలు చేస్తుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, ఆ విషం పట్టుకోవడానికి కావలసిన చోటు కూడా మన పేగులో లేదు. ఈ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును పత్తి మొక్కలో పెడితే మొక్కే పురుగుకు విషం అవుతుంది. 2002 మార్చిలో దేశంలో అనుమతి పొందిన బోల్‌గార్డ్ రకాల్లో ఉన్నది క్రై1ఏసీ అనే ఒక్క ప్రొటీన్. 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2లో దానికి తోడు క్రై2ఏబీ చేరింది.

మొదటి పోరు ఫలితాన్ని ఎవరూ కాదనలేరు. నాగపూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థలో అప్పట్లో శాస్త్రవేత్తగా ఉన్న కేశవ్ క్రాంతి లెక్కల ప్రకారం, దేశంలో కాయతొలుచు పురుగుల కోసం వాడే మందులు 2001లో 9 వేల టన్నులకు పైగా ఉంటే 2011 నాటికి 300 టన్నుల లోపుకు పడిపోయాయి. ఈ విత్తనాన్ని పూర్తిగా వంచన అని కొట్టిపారేసే వాళ్లతో నేను ఏకీభవించలేను. ఆ పదేళ్లలో రైతు పీల్చకుండా తప్పించుకున్న విషం చిన్నదేమీ కాదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. బీటీని తట్టుకునే గుణం పురుగులో మనం పుట్టించింది కాదు. బీటీ పత్తి పుట్టకముందే, కొన్ని పురుగుల్లో కాడ్హెరిన్ జన్యువు కొంచెం దెబ్బతిని ఉండేది. విషానికి పట్టు దొరకదు కాబట్టి అలాంటి పురుగు బతుకుతుంది. అయితే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ దెబ్బతిన్నవే అయితేనే అది బతుకుతుంది. ఒక్కటే దెబ్బతింటే రెండోది మామూలుగా పనిచేసి, విషం బాగా ఉన్న మొక్క మీద పురుగు చస్తుంది. దెబ్బతిన్న జన్యువు వెయ్యికి ఒకటి ఉందనుకోండి. రెండు ప్రతులూ అదే ఉన్న పురుగు పది లక్షలకు ఒకటి.

కోటి పురుగులున్న ప్రాంతమంతా బీటీ పత్తే వేశామనుకుందాం. పది మిగులుతాయి. ఆ పదికీ జత కట్టడానికి తమలాంటివే తప్ప ఇంకేవీ లేవు. పుట్టే పిల్లలన్నీ తట్టుకునేవే. ఏడాదికి నాలుగైదు తరాలు, ఒక్కో ఆడపురుగుకు వందకు పైగా గుడ్లు.

అదే ప్రాంతంలో ఐదోవంతు భూమిలో బీటీ కాని పత్తి వేశామనుకుందాం. బీటీ చేన్లలో 80 లక్షల పురుగుల్లో ఎనిమిది మిగులుతాయి. పక్క చేనులో మామూలు పురుగులు 20 లక్షలు మిగులుతాయి. ఆ ఎనిమిదిలో ఒకటి బయటికి ఎగిరి జత వెతుక్కుంటే దొరికేది దాదాపు ఖాయంగా మామూలు పురుగే. వాటి పిల్లల్లో ఒక ప్రతి మంచిదే ఉంటుంది కాబట్టి తర్వాతి తరంలో అవి బీటీ మొక్క మీద చస్తాయి. కొన్ని పురుగులను కావాలని బతకనిస్తే మిగతా చేనంతా బతుకుతుందన్న మాట. బీటీ చేను చుట్టూ ఐదు వరుసలు గానీ, మొత్తంలో 20 శాతం గానీ బీటీ కాని పత్తి వేయాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది ఇందుకే. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజల పొట్లం ఇచ్చింది ఇందుకే.

ఆ పొట్లాలు ఎక్కడికి పోయాయో మన ఊళ్లలో అందరికీ తెలుసు. గట్ల మీద పడ్డాయి, ఎరువుల సంచుల పక్కన మూలపడ్డాయి. రైతుకు తెలివి లేక అలా చేశాడని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నాకు నచ్చదు. రెండెకరాల రైతును అర ఎకరం దాకా పురుగుకు వదిలెయ్యమని చెప్పే నిబంధన అది. ఎందుకో వివరంగా చెప్పినవాళ్లు లేరు, నష్టం భరించినవాళ్లు లేరు. పైగా పక్క చేను రైతు వేయకుండా తానొక్కడే వేస్తే లాభం పక్కవాడికి పోతుంది, పురుగు తనకు మిగులుతుంది. వందల ఎకరాల కమతాలున్న దేశపు పద్ధతిని తెచ్చి వానమీద బతికే చిన్న కమతాల జిల్లాలకు అతికించడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ఏళ్లు గడిచాక, నాన్ బీటీ గింజలను అదే ప్యాకెట్‌లో కలిపి ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఈ పురుగు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పెద్దగా పాకదు కాబట్టి దీనికి ఆ పద్ధతే సరిపోతుంది. అది మొదటి ఏడాదే వచ్చి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదేమో.

మనకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. మిగతా దేశాల్లో ఎక్కువగా బీటీ పత్తి సూటి రకాలు. మన దగ్గర సంకరాలు. సంకర మొక్కలో బీటీ జన్యువు ఒకే ప్రతి ఉంటుంది. అలాంటి మొక్కకు కాసిన కాయలోని గింజలు మెండెల్ సూత్రం ప్రకారం విడిపోతాయి. బోల్‌గార్డ్-2 కాయలో సగటున ప్రతి 16 గింజల్లో తొమ్మిదింటిలో రెండు విషాలూ ఉంటాయి, ఆరింటిలో ఏదో ఒకటే ఉంటుంది, ఒకదానిలో ఏదీ ఉండదు. శనగపచ్చ పురుగు ఆకు, మొగ్గ, కాయ అన్నీ కొరుకుతుంది. గులాబీ పురుగు తినేది ముఖ్యంగా గింజనే. ఒకే కాయలో ఒక గింజ విషం, ఇంకోటి సగం విషం, మరోటి మామూలు తిండి. సగం తట్టుకోగల పురుగు కూడా అక్కడ బతికి బయటపడే వీలుంది. పైగా మొక్క ముదిరే కొద్దీ విషం పలచబడుతుంది. విత్తిన 110 రోజులు దాటాక క్రై1ఏసీ చాలాచోట్ల పురుగును చంపే మోతాదు కంటే కిందికి పోతోందని నాగపూర్ పరిశోధకులు 2005లోనే చూపించారు. మన సంకరాలు 180 రోజులు, నీటి వసతి ఉంటే ఇంకా పైన చేనులో నిలుస్తాయి. గులాబీ పురుగు బలంగా వచ్చేదే ఆ చివరి రోజుల్లో.

గుజరాత్‌లో 2008 పంట నుంచి తీసిన నమూనాల్లో క్రై1ఏసీకి లొంగని గులాబీ పురుగులు దొరికాయని 2010లో ప్రకటించారు. రెండు విషాల విత్తనం అప్పటికే మార్కెట్లో ఉంది కదా అని ధైర్యం చెప్పారు. రెండు విషాలు కలిసి బలం ఇవ్వాలంటే రెండూ పనిచేస్తున్నప్పుడే కలిపి దించాలి. ఒకదాని పని అయిపోయాక రెండోది ఒంటరిదే. 2014 తర్వాత గుజరాత్‌లో ఆ ఒంటరిది కూడా ఓడింది. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా, గుజరాత్‌లోని ఆనంద్ ప్రాంతాల పురుగుల జన్యువులు విప్పిచూసిన శాస్త్రవేత్తలకు, కాడ్హెరిన్ జన్యువు ఒక్క తీరున కాక ఎన్నో రకాలుగా దెబ్బతిని కనిపించింది. ఎక్కడికక్కడ పురుగు వేర్వేరు దారుల్లో అదే గెలుపు చేరుకుంది.

ఇక్కడ అరిజోనా సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అమెరికాలోని ఆ రాష్ట్రంలోనూ ఇదే పురుగు, ఇదే క్రై1ఏసీ. 1997లో అక్కడి చేన్లలో శాస్త్రవేత్త బ్రూస్ తబాష్నిక్ బృందం లెక్క కట్టినప్పుడు తట్టుకునే జన్యువు వెయ్యికి ఒకటి కాదు, నూటికి 16 దాకా ఉందని తేలింది. రెండు మూడేళ్లలో బీటీ పని అయిపోతుందనుకున్నారు. కాలేదు. బీటీ కాని పత్తిని రైతులు నిజంగానే వేశారు. తట్టుకునే పురుగుకు ఒక లోపం కూడా ఉంటుందని అప్పుడే బయటపడింది. విషం లేని మొక్క మీద అది మామూలు పురుగంత బాగా పెరగదు, చలికాలం నిద్రలోంచి తక్కువగా బయటపడుతుంది. విషం లేని చోటు కొంత మిగిల్చితే దాని సంఖ్య తనంతట తానే వెనక్కి తగ్గుతుంది. 2006 నుంచి అక్కడ ఇంకో అడుగు వేశారు. రేడియేషన్‌తో వంధ్యం చేసిన రెక్కల పురుగులను విమానాల్లోంచి చేన్ల మీద వదిలారు, 2014 లోపు వెయ్యి కోట్లకు పైగా. మామూలు పురుగు వాటితో జతకడితే పిల్లలుండవు. కోత అవగానే మోళ్లు దున్నేయాలని చట్టమే ఉంది. 2018 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం తమ పత్తిలో గులాబీ పురుగు లేదని ప్రకటించింది. ఒకే జీవి రెండు దేశాల్లో రెండు రకాలుగా ప్రవర్తించలేదు. మనుషులు ప్రవర్తించారు.

చైనాలోని యాంగ్‌జీ నది లోయలో ఇంకో ఉదాహరణ ఉంది. అక్కడి రైతులు సంకరాల రెండో తరం గింజలు వేశారు. వాటిలో నాలుగోవంతు మొక్కల్లో బీటీ ఉండదు. ఎవరూ చెప్పకుండానే చేను నిండా బీటీ లేని మొక్కలు కలిసిపోయాయి. అప్పటికే పెరగడం మొదలైన తట్టుకునే గుణం వెనక్కి తగ్గిందని 2017లో వెలువడిన పరిశోధన చూపింది.

ఆదిలాబాద్‌లో కూడా అలాంటి మేలు ఒకటి జరిగింది, మరో పురుగు విషయంలో. ఇక్కడ పత్తి నాలుగైదు సాళ్లకు ఒక సాలు కంది వేయడం పాత అలవాటు. శనగపచ్చ పురుగుకు కంది ఇష్టమైన తిండి. శనగ, టమాట, మక్క కూడా తింటుంది. అంటే దానికి బీటీ లేని తిండి ఊరంతా ఉంది, మామూలు పురుగులు తరతరాలు మిగులుతూనే వచ్చాయి. అందుకే అదే బీటీ దాని మీద చాలాకాలం బాగా పనిచేసింది. గులాబీ పురుగుకు పత్తి తప్ప దాదాపు గతి లేదు. బెండ లాంటి ఒకటి రెండు మొక్కల మీద బతికినా అది లెక్కలోకి రాదు. ఊరంతా బీటీ పత్తే అయితే దాని మామూలు జాతికి మిగిలే చోటే ఉండదు.

2017లో పురుగు తిరగబడినప్పుడు చేన్లలోకి మందు డ్రమ్ములు మళ్లీ వచ్చాయి. పెన్‌గంగ అవతలి ఒడ్డున, ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో ఆ ఏడాది పిచికారీ చేస్తూ విషం పీల్చి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మనిషిని మించి పెరిగిన పత్తిలో, ముఖానికి గుడ్డ కూడా లేకుండా, నాలుగైదు మందులు కలిపి కొట్టారు. కాయలోపలి పురుగుకు అందని మందు కొట్టేవాడి ఊపిరితిత్తుల్లోకి పోయింది.

పత్తిని మాత్రమే నమ్ముకుని బతకడమే ఈ పురుగు బలహీనత. దాని నిద్రను, మన కార్తెలను పక్కపక్కన పెట్టి చూడండి. వేసవి వానలకు నిద్రలేచిన రెక్కల పురుగు కొద్ది రోజులే బతుకుతుంది. ఆ రోజుల్లో గుడ్డు పెట్టడానికి మొగ్గ దొరకాలి. పత్తికి మొగ్గ రావడానికి విత్తిన తర్వాత నెలన్నర పడుతుంది. మృగశిరలో మంచి వాన పడ్డాక విత్తితే మేలో, జూన్‌లో లేచిన పురుగులు చేనులో ఏమీ దొరక్క పిల్లలు లేకుండానే చస్తాయి. రోహిణిలో పొడి దుక్కిలోనో, బోరు నీళ్లతోనో ఊళ్లో ఒకరిద్దరు ముందే వేస్తే వాటికి తొలి మొగ్గ అక్కడ దొరుకుతుంది, ఆ చేను ఊరందరికీ పురుగును పెంచి పంపుతుంది. అటు చివర కూడా ఇంతే. డిసెంబరులో పంట ముగిస్తే నిద్రకు సిద్ధమయ్యే చివరి తరానికి కాయ దొరకదు. ఇంకో ఏరుడు వస్తుందని ఫిబ్రవరి, మార్చి దాకా నీళ్లు పెట్టి ఉంచితే ఆ ఏరుడులో వచ్చే గుడ్డి పత్తి డబ్బు కంటే వచ్చే ఏడు కట్టే మూల్యం ఎక్కువ. తక్కువ కాలంలో కోతకొచ్చే రకాలను దగ్గర దగ్గరగా వేసే అధిక సాంద్రత పద్ధతిని తెలంగాణలో ఇప్పుడు ప్రోత్సహిస్తున్నది ఈ ఆలోచనతోనే. నాకు అది సరైన దారిగానే కనిపిస్తోంది.

చేనులో పురుగు ఉందా లేదా అన్నది రైతు తన కళ్లతో తేల్చుకోవచ్చు. పూత దశలో రేకులు విప్పుకోకుండా ముడుచుకుని గులాబీ మొగ్గలా నిలిచే గుడ్డి పూలు దాని గుర్తు. ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు పెడితే మగ పురుగుల రాకడ తెలుస్తుంది. ఆడపురుగు వదిలే వాసనను 1973లో రసాయన శాస్త్రవేత్తలు గుర్తించి గాసిప్లూర్ అని పేరు పెట్టారు, బుట్టలోని ఎర అదే. ఒక బుట్టలో రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే, లేదా ఇరవై పచ్చికాయలు కోస్తే రెండింటిలో పురుగు కనిపిస్తే, అప్పుడు మందు ఆలోచించాలి. అంతకు ముందు కొట్టే ప్రతి పిచికారీ డబ్బు, ఆరోగ్యం, మిత్రపురుగులు అన్నిటినీ పోగొడుతుంది.

ఇక ఊరు కలిసి చేయాల్సిన పని. ఆఖరి ఏరుడు అయ్యాక చేనులో గొర్రెలను, మేకలను వదలండి. మిగిలిన కాయలను అవి మేసేస్తాయి. పత్తి కట్టెను పొయ్యికోసం వానాకాలం దాకా గట్టున పోగేయకండి. యంత్రంతో ముక్కలు చేయించి మట్టిలో కలిపేయండి. ఆ యంత్రం ఒక్క రైతు కొనలేడు, ఊరికొకటి ఇప్పించడం వ్యవసాయ శాఖ బాధ్యత. జమ్మికుంట నుంచి ఆదిలాబాద్, భైంసా దాకా జిన్నింగ్ మిల్లుల చుట్టూ వేసవి అంతా బుట్టలు వేలాడాలి, గింజలు బయట పోగులుగా ఉండకూడదు. ఒక్క చేను వదిలేసినా పురుగుకు అది చాలు, కాబట్టి ఈ జనవరిలో మీ చేనుతో పాటు పక్క చేను కట్టె కూడా దుక్కిలో కలిసేలా చూడండి.